క్రిస్మస్ వేళ దేవుని సన్నిధి, నిరీక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

నవంబర్ నెలాఖరు వచ్చిందంటే ఈ ప్రశ్నలు మొదలవుతాయి. బైబిల్ స్టడీ అయ్యాక కుర్చీలు సర్దుతుంటే ఒకరు అడుగుతారు, రాత్రి పదకొండింటికి ఇంకొకరు మెసేజ్ పెడతారు. అడిగే మనిషి మారతాడు గానీ ప్రశ్న మారదు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుందో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లండి.

## పండుగకు ముందు

క్రిస్మస్ దగ్గర పడుతోంది, నాకేమో లోపల ఏమీ అనిపించడం లేదు. నా విశ్వాసంలో లోపమా?

మొదటి క్రిస్మస్‌లో ఉన్నవాళ్లకు ఏమనిపించిందో చూడండి. దూత కనబడగానే ముసలి యాజకుడు జెకర్యా హడలిపోయాడు. మరియ కలవరపడింది. యోసేపు ఆమెను గుట్టుగా విడిచిపెట్టేద్దామా అని ఆలోచనలో పడ్డాడు. గొర్రెల కాపరులు వణికిపోయారు. మత్తయి, లూకా సువార్తల్లోని ఈ జనన వృత్తాంతాల్లో "భయపడవద్దు" అనే మాట నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది, ఈ నలుగురికీ తలా ఒకసారి. కాపరులు వచ్చి చెప్పేదాకా మిగతావాళ్లకు సంగతే తెలియదు.

యేసుకున్న ఇమ్మానుయేలు అనే పేరుకు మత్తయి చెప్పిన అర్థం "దేవుడు మనకు తోడు". తోడున్నట్టు అనిపించేవాడు అని కాదు. మీకు అనిపిస్తే సంతోషం. అనిపించకపోతే ఆ పేరు అబద్ధమైపోదు. ఏదో అనుభూతి రావాలని మిమ్మల్ని మీరు పిండుకోవడం మానేయండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

దేవుడు అంతటా ఉంటాడు కదా. మరి క్రిస్మస్‌కి కొత్తగా "దిగివచ్చాడు" అనడం ఏమిటి?

అంతటా ఉన్నాడన్నది నిజమే. ఆకాశానికెక్కినా, పాతాళంలో పడుకున్నా నువ్వు అక్కడే ఉన్నావని 139వ కీర్తన అంటుంది. కానీ అంతటా ఉండటం వేరు, తోడుండటం వేరు. ఒకే ఇంట్లో ఉండే మనిషికీ, జ్వరమొచ్చిన రాత్రి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే మనిషికీ తేడా లేదూ?

ఇశ్రాయేలు చరిత్రలో దేవుడు తన ప్రజల మధ్య ఒక చోటు పెట్టుకుంటూ వచ్చాడు. ఎడారిలో ప్రత్యక్ష గుడారం, ఆ తర్వాత యెరూషలేము ఆలయం. అయితే అందులో అతి పరిశుద్ధ స్థలానికి అడ్డంగా ఒక తెర ఉండేది. ఆ తెర దాటి ప్రధాన యాజకుడు ఒక్కడే, ఏడాదికి ఒక్క రోజే లోపలికి వెళ్లేవాడు. యోహాను తన సువార్త మొదటి అధ్యాయం 14వ వచనంలో, వాక్యం శరీరధారియై మన మధ్య నివసించాడని రాశాడు. అక్కడ ఆయన వాడిన గ్రీకు క్రియకు గుడారం వేసుకోవడం అని అర్థం. పాత నిబంధన తెలిసినవాళ్లకు ఆ ఒక్క మాటతో ఎడారి గుడారం కళ్లముందు కదులుతుంది. ఈసారి మాత్రం తెర లేదు. ఉన్నది పొత్తిగుడ్డల్లో చుట్టిన బిడ్డ. చేతులు చాస్తే ఎత్తుకోవచ్చు.

నిరీక్షణ అంటే "అంతా మంచే జరుగుతుంది" అనుకోవడమేనా?

కాదు. ముందు ఆ మాట సంగతి చూద్దాం. మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. తెలుగు బైబిల్లో ఆశ అనాల్సిన చోట కూడా ఇదే మాట వస్తుంది. కొత్తగా చదివేవాళ్లు తికమక పడతారు గానీ, నా మటుకు నాకు ఇది చక్కని ఎంపిక అనిపిస్తుంది. హీబ్రూలోనూ అంతే. ఆశను తిక్వా అంటారు, అది ఎదురుచూడటం అనే క్రియలోంచి పుట్టిన మాట. ఇంకో విశేషం కూడా ఉంది. తిక్వా అంటే తాడు కూడా. యెహోషువ గ్రంథం 2వ అధ్యాయంలో, యెరికో గోడ మీది ఇంట్లో ఉన్న రాహాబు కిటికీకి కట్టిన ఎర్ర తాడుకు వాడింది ఈ మాటే. తన ఊరు కూలబోతోందని ఆమెకు తెలుసు. చేతిలో ఉన్నదల్లా ఒక తాడు, తాను దాచి కాపాడిన ఇద్దరు ఇశ్రాయేలు వేగులవాళ్లు నిన్ను రక్షిస్తామని ఇచ్చిన ఒక మాట. మత్తయి రాసిన యేసు వంశావళిలో ఈ రాహాబు పేరు కనిపిస్తుంది.

పరిస్థితులు బాగుపడేలా ఉన్నాయి కాబట్టి ధైర్యంగా ఉండటం ఒకటి. అవి బాగోలేకపోయినా మాట ఇచ్చినవాణ్ణి చూసి తాడు వదలకపోవడం ఇంకొకటి. బైబిల్ నిరీక్షణ ఈ రెండోది. జబ్బు నయమవుతుందని, ఉద్యోగం వస్తుందని, పెళ్లి కుదురుతుందని క్రిస్మస్ గ్యారంటీ ఇవ్వదు. ఇస్తుందని ఎవరైనా ప్రసంగిస్తే కాస్త జాగ్రత్తగా వినండి. హెబ్రీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం నిరీక్షణను లంగరుతో పోల్చింది. లంగరు పనిచేసేది కంటికి కనబడని చోట, నీటి అడుగున.

అడ్వెంట్ అంటే ఏమిటి? పాటించకపోతే తప్పా?

తప్పు కాదు, బైబిల్లో అలాంటి ఆజ్ఞ లేదు. లాటిన్‌లో రాకడ అనే మాటలోంచి ఈ పేరు వచ్చింది. పాశ్చాత్య సంప్రదాయంలో క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం ఇది. యేసు వచ్చిన మొదటి రాకడను తలుచుకుంటూ, రెండో రాకడ కోసం ఎదురుచూడటం దీని ఉద్దేశం. 1943లో జర్మన్ పాస్టరు డీట్రిష్ బోన్‌హోఫర్ బెర్లిన్‌లోని టేగెల్ జైల్లోంచి రాసిన ఉత్తరంలో అడ్వెంట్‌ను జైలు గదితో పోల్చాడు. లోపలివాడు ఎదురుచూస్తాడు, ఏవో చిన్నా చితకా పనులు చేసుకుంటాడు, తలుపు మాత్రం బయటి నుంచే తెరుచుకోవాలి. అడ్వెంట్ మీద ఇంతకంటే సూటిగా చెప్పిన మాట నేను చదవలేదు.

పనుల్లో ఊపిరి సలపడం లేదు. దేవుడితో గడపడానికి టైమెక్కడిది?

లూకా సువార్తలో సరిగ్గా 24 అధ్యాయాలున్నాయి. డిసెంబర్ 1 నుంచి రోజుకొకటి చదివితే 24వ తేదీకి పూర్తవుతుంది. మధ్యలో మొదలుపెట్టినా ఫర్వాలేదు, ఏ తేదీకి ఆ అధ్యాయం తీయండి. పది నిమిషాల పని. మొదటి అధ్యాయం మాత్రం పొడుగు, 80 వచనాలు, దానికి ఇంకాస్త సమయం పెట్టుకోండి.

ఇంకొక మాట. ఆ వార్త విన్న కాపరులు ధ్యానంలో ఏమీ లేరు, నైట్ డ్యూటీలో ఉన్నారు. మరియ, యోసేపు బేత్లెహేముకు వెళ్లింది కైసరు ఔగుస్తు ప్రజాసంఖ్య కోసం, అంటే ప్రభుత్వ కాగితాల పని మీద. పనుల మధ్యలో దేవుడు కనబడడని ఎవరన్నారు?

చేతిలో డబ్బుల్లేవు. ఇలా పండుగ చేసుకోవడం చిన్నతనంగా ఉంది.

బిడ్డ పుట్టాక మరియ, యోసేపు ఆలయానికి వెళ్లి ఇచ్చిన అర్పణ ఏమిటో లూకా 2వ అధ్యాయం 24వ వచనంలో ఉంది: రెండు పక్షులు. లేవీయకాండము 12వ అధ్యాయం ప్రకారం అసలు ఇవ్వాల్సింది గొర్రెపిల్ల, దానితోపాటు ఒక పక్షి. గొర్రెపిల్ల కొనే స్తోమత లేనివాళ్లకు ఇచ్చిన మినహాయింపు ఆ రెండు పక్షులు. యేసు కుటుంబం అందరి ముందూ పేదల వరసలోనే నిలబడింది. అప్పు చేసి పండుగ చేయమని ఆయన మిమ్మల్ని అడగడు.

## పండుగ రోజున

డిసెంబర్ 25న యేసు పుట్టాడని బైబిల్లో లేదు కదా. మరి ఆ రోజుకి అర్థమేముంది?

బైబిల్లో తేదీ లేదు, నిజమే. రోమ్‌లో 354లో కూర్చిన ఒక క్యాలెండర్ సంకలనంలో క్రీస్తు జననం డిసెంబర్ 25న అని కనిపిస్తుంది. అందులోని ఆ జాబితా 336 నాటిదని పండితులు అంటారు. ఆ తేదీనే ఎందుకు ఎంచుకున్నారన్న దాని మీద ఇప్పటికీ వాదనలున్నాయి. ఆర్మేనియన్ సంఘం జనవరి 6న, జూలియన్ క్యాలెండర్ పాటించే ఆర్థడాక్స్ సంఘాలు జనవరి 7న చేసుకుంటాయి. పుట్టిన తేదీ రాసిపెట్టలేదని ఏ మనిషీ పుట్టలేదనం కదా. సంఘం గుర్తుచేసుకునేది పుట్టుకను, తేదీని కాదు.

దేవుని కుమారుడికే సత్రంలో చోటు దొరకలేదు. ఇందులో నాకేం ఓదార్పు ఉంది?

ముందు ఒక చిన్న సవరణ. తలుపు మూసేసిన సత్రం యజమాని మన నాటకాల్లో ఉంటాడు గానీ లూకాలో లేడు. గాడిద కూడా లేదు. "సత్రము" అని మనం చదివే చోట గ్రీకులో కతలూమా అని ఉంది, దాన్ని అతిథుల గది అని కూడా అనువదించవచ్చు. కడరాత్రి భోజనానికి యేసు అడిగిన గదికి లూకా 22వ అధ్యాయంలో వాడిన మాట ఇదే. యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు గాయపడినవాణ్ణి చేర్చిన సత్రానికి లూకా వేరే మాట వాడాడు. కాబట్టి జనంతో కిక్కిరిసిన ఒక బంధువుల ఇంట్లో, అతిథుల గది నిండిపోయి, పశువులుండే వైపు సర్దుకున్నారని చాలామంది పండితులు అనుకుంటారు.

ఎలా చూసినా పడుకోబెట్టింది పశువుల తొట్టిలోనే. లూకా దాన్ని అవమానంగా రాయలేదు. కాపరులకు దూత చెప్పిన ఆనవాలే అది: తొట్టిలో పడుకున్న శిశువును చూస్తారు. ఆయన రాజభవనంలో పుట్టి ఉంటే ఆ కాపరులను గేటు దాటనిచ్చేవాళ్లా? తొట్టి కాబట్టి నేరుగా వెళ్లి చూడగలిగారు. మీ జీవితంలో ఇంకా సర్దని, ఎవరికీ చూపించని గది ఒకటి ఉంటే, అది శుభ్రమయ్యేదాకా ఆయన బయట ఆగుతాడని అనుకోకండి.

ఆరాధనలో అందరూ ఆనందంగా పాడుతుంటే నాకు ఏడుపొస్తోంది. వెళ్లడం మానేయనా?

మానేయకండి, కానీ మీకు వీలైనట్టు వెళ్లండి. చివరి వరసలో కూర్చోండి. పాడలేకపోతే వినండి, పక్కవాళ్లు మీ బదులు పాడతారు. మధ్యలో లేచి వచ్చేసినా ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. కొన్ని సంఘాల్లో డిసెంబర్ 21 ప్రాంతంలో, ఉత్తరార్ధగోళంలో రాత్రి అన్నిటికంటే పొడుగ్గా ఉండే రోజున, దుఃఖంలో ఉన్నవాళ్ల కోసం విడిగా నెమ్మదైన ఆరాధన పెడతారు. మీ సంఘంలో లేకపోతే పాస్టరుగారిని అడిగి చూడండి. మీరు అడిగారని సంతోషించేవాళ్లు ఇంకో నలుగురుంటారు.

ఆ రోజు నేను ఒక్కడినే ఉంటాను. ఏం చేయాలి?

గొప్ప ప్లాన్ ఏమీ వద్దు. ఒక దీపమో కొవ్వొత్తో వెలిగించండి. లూకా 2వ అధ్యాయం మొదటి 20 వచనాలు బయటికి వినబడేలా చదవండి. మన గొంతు మనకు వినబడటం కూడా ఒక తోడే. తర్వాత, మీలాగే ఒంటరిగా ఉండి ఉంటారనుకున్న ఒకరికి ఫోన్ చేయండి. పండుగ రోజు ఫోన్ మోగాలని ఎదురుచూసేవాళ్లు మనం అనుకునేదానికంటే ఎక్కువ.

## దుఃఖంలో, సందేహంలో

ఈ ఏడాది మా ఇంట్లో ఒకరు పోయారు. పండుగ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, చేసుకోకపోవచ్చు, సగమే చేసుకోవచ్చు. ఇందులో దేవుడికి కోపం వచ్చేదేమీ లేదు. పోయినవాళ్ల పేరు ఎత్తితే ఇంట్లో అందరూ ఏడుస్తారని చాలామంది ఆ పేరే పలకరు. పలకండి. ప్రార్థనలో ఆ మనిషి కోసం దేవునికి కృతజ్ఞత చెప్పండి, ఏడుపొస్తే రానివ్వండి. చనిపోయిన తన స్నేహితుడు లాజరును కాసేపట్లో తానే లేపబోతున్నా, అతని సమాధి దగ్గర యేసు ఏడ్చాడు. క్రైస్తవ నిరీక్షణ పునరుత్థానం మీద నిలబడింది, నిజమే. అయితే అది కన్నీళ్లను ఆపే స్విచ్ కాదు.

దేవుడు తోడుంటే మాకు ఇలా ఎందుకు జరిగింది?

మత్తయి ఈ ప్రశ్నను క్రిస్మస్ కథలోనే పెట్టాడు, మనమే దాన్ని దాటేస్తాం. జ్ఞానులు వెళ్లిపోయాక హేరోదు బేత్లెహేములో రెండేళ్లలోపు మగపిల్లలందరినీ చంపించాడు. అక్కడ మత్తయి యిర్మీయా ప్రవచనాన్ని గుర్తుచేస్తాడు: రాహేలు తన పిల్లల కోసం ఏడుస్తోంది, ఓదార్పు వద్దంటోంది. ఆ తల్లులకు "అంతా మన మంచికే" అని మత్తయి చెప్పలేదు. ఎందుకు జరిగిందో వివరించనూ లేదు. వాళ్ల ఏడుపును ఏడుపుగానే రాసి పెట్టాడు.

ఆయన చెప్పింది ఇది: దేవుని కుమారుడు పుట్టింది ఆ హేరోదు ఉన్న లోకంలోనే. రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోయిన కుటుంబంలో పెరిగాడు. చివరికి సిలువ మీద "నన్నెందుకు విడిచిపెట్టావు" అని తానే అడిగాడు. మీ ప్రశ్నకు ఇది జవాబు కాదు, నాకు తెలుసు. ఆ ప్రశ్న అడిగేవాళ్ల పక్కన నిలబడినవాడు ఎవరో మాత్రం ఇది చూపిస్తుంది.

ఏళ్ల తరబడి ఒకే ప్రార్థన చేస్తున్నాను. దేవుడు మరిచిపోయాడా?

లూకా తన కథను ముసలివాళ్లతో మొదలుపెట్టాడు. జెకర్యా, ఎలీసబెతు పిల్లలు లేకుండానే వృద్ధులయ్యారు. యెరూషలేములో సుమెయోను అనే భక్తుడు ఇశ్రాయేలు ఆదరణ కోసం కనిపెట్టుకుని ఉన్నాడు. అన్న అనే ప్రవక్త్రి ఆలయాన్ని విడవకుండా రాత్రింబగళ్లు ప్రార్థిస్తూ గడిపింది. ఆమె గురించి చెబుతూ లూకా 84 అనే అంకె వేశాడు. అది ఆమె వయసా, విధవగా గడిపిన ఏళ్లా అన్నది రెండు విధాలుగానూ చదువుకోవచ్చు. ఎలా చదివినా చిన్న ఎదురుచూపు కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పిల్లల కోసం ఎదురుచూసేవాళ్లకు ఎలీసబెతును చూపించి "మీకూ పుడతారు" అనకండి. లూకా ఆ హామీ ఇవ్వలేదు. ఏ తప్పూ లేని దంపతులు కూడా ఏళ్లకేళ్లు ఎదురుచూశారని రాశాడు. జవాబు రాకపోవడం మీ పాపానికి శిక్ష అని ఎవరైనా అంటే, లూకా 1వ అధ్యాయం 6వ వచనం తీసి చూపించండి.

ప్రార్థన చేద్దామంటే మాటలే రావడం లేదు.

అయితే అరువు మాటలు వాడండి. 13వ కీర్తనలో ఆరే వచనాలు, "ఎన్నాళ్లు" అనే మాటతోనే మొదలవుతుంది. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, దాన్ని కూడా బైబిల్లో ఉంచారు. అదీ కాకపోతే ఊరికే కూర్చోండి. మనకు ప్రార్థించడం చేతకానప్పుడు ఆత్మ ఉచ్చరింపశక్యం కాని మూలుగులతో మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమా 8వ అధ్యాయం చెబుతుంది.

ఇది డిప్రెషన్ అంటున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్వాసం లేనట్టు కాదా?

కాదు. నడుం విరిగితే వెళ్లమా? 1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు మందలించలేదు, ప్రసంగం చేయలేదు. దూత రెండుసార్లు తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మధ్యలో నిద్రపోనిచ్చాడు. నిమ్మళమైన స్వరం వినబడింది ఆ తర్వాతే. క్రిస్మస్ కథ రాసిన లూకానే పౌలు "ప్రియుడైన వైద్యుడు" అన్నాడని గుర్తుంచుకోండి.

నిద్ర, ఆకలి పోయి రెండు వారాలు దాటితే డాక్టరును కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే పండుగ అయ్యేదాకా ఆగకండి. ఈ రోజే, ఇప్పుడే నమ్మకమైన ఒక మనిషికి చెప్పండి, దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి. మందులు వేసుకుంటూ ప్రార్థించవచ్చు.

నేను చర్చి మానేసి చాలా ఏళ్లయింది. చేయకూడనివి కూడా చేశాను. ఇప్పుడు వెళ్తే ఏమనుకుంటారో?

మనుషులు ఏమనుకుంటారో నేను చెప్పలేను. మత్తయి ఏమనుకున్నాడో చెప్పగలను. యేసు వంశావళిలో మరియ కాక నలుగురు స్త్రీలను ప్రస్తావించాడు: తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య. చాలా కుటుంబాలు చరిత్ర రాసుకునేటప్పుడు దాచిపెట్టే కథలు అందులో ఉన్నాయి. పైగా ఇంకొకడి భార్యను తీసుకుని దావీదు రాజు చేసిన తప్పు ఎవరూ మరిచిపోకుండా బత్షెబ అనకుండా "ఊరియా భార్య" అనే రాశాడు. యేసును వెతుక్కుంటూ వచ్చిన తూర్పుదేశపు జ్ఞానులు కూడా ఆ మతంవాళ్లు కారు. దారి తెలియక మధ్యలో ఆగి అడిగారు. మీరూ అడగొచ్చు.

## పండుగ అయ్యాక

26వ తేదీ రాగానే అంతా ఖాళీ అయిపోయినట్టు ఉంటుంది. ఎందుకలా?

కొంత ఒంటి అలసట. ముందు రెండు రోజులు నిద్రపోండి, ఆత్మీయ కారణాలు తర్వాత వెతుక్కోవచ్చు. మిగతాది, మనం క్రిస్మస్‌ను ముగింపు అనుకోవడం వల్ల వస్తుంది. సంఘ క్యాలెండర్లో అది మొదలు, అక్కడి నుంచి పన్నెండు రోజుల పండుగ. కాపరులు కూడా దేవుణ్ణి స్తుతిస్తూ తిరిగి వెళ్లారని ఉంది. ఎక్కడికి? వాళ్ల గొర్రెల దగ్గరికే అనుకుంటాను. ఆ బిడ్డ పరిచర్య మొదలుపెట్టేసరికి దాదాపు ముప్పై ఏళ్లు. అందులో చాలా భాగం నజరేతులో, గొప్పగా రాసేందుకేమీ లేని మామూలు రోజులే. అప్పుడు కూడా ఆయన పేరు ఇమ్మానుయేలే.

బాధలో ఉన్న స్నేహితుడికి క్రిస్మస్ శుభాకాంక్షలు ఎలా చెప్పాలి?

"హ్యాపీ" అనకపోయినా పర్వాలేదు. "నువ్వు గుర్తొచ్చావు, ఈ వారం ఒకసారి వస్తాను" అనండి, అని వెళ్లండి. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. అంతవరకూ బాగానే చేశారు. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే పాడైంది.

చెట్టు, నక్షత్రం, లైట్లు ఎప్పుడు తీసేయాలి?

నియమం లేదు. చాలామంది జనవరి 6న, జ్ఞానుల రాకను తలుచుకునే రోజు దాకా ఉంచుతారు. కొన్ని సంప్రదాయాల్లో ఫిబ్రవరి 2 వరకు ఉంచుతారు. క్రిస్మస్ నుంచి లెక్కిస్తే అది నలభయ్యో రోజు, సుమెయోను బిడ్డను చేతుల్లోకి తీసుకున్న సందర్భాన్ని గుర్తుచేసుకునే రోజు. ఒక్క దీపం మాత్రం అప్పటిదాకా ఉంచుకుంటానంటే, ఉంచుకోండి.